ఒకటే ధర, ఒకటే కొలత

3వ తారీఖు

టేబుల్ అమ్ముతున్న పెద్దమనిషిగారికి,

నమస్కారం. పాత సామాన్ల యాప్‌లో మీరు పెట్టిన టేబుల్ చూశాను. ఏడడుగుల పొడుగు, టేకు చెక్క, అంచు పొడుగునా కొలతకి ఇత్తడి పట్టీ, ధర తొమ్మిది వేలు. నాకు సరిగ్గా సరిపోతుంది. ధర కూడా సరే. బండి ఎప్పుడు పంపమంటారో చెబితే పంపిస్తాను.

నేను బట్టలు కుడతాను. ఇరవై రెండేళ్ళుగా నేల మీద చాప పరుచుకుని కత్తిరిస్తున్నాను. ఇప్పుడు ఒక ఆసుపత్రివాళ్ళు నర్సుల కోట్లు నూట ఇరవై కుట్టమంటున్నారు. నా చేతికి ఇంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు. వాళ్ళ స్టోరు చూసే ఆవిడ మా గదంతా కలియజూసి, "నేల మీద కత్తిరించిన కోటు మా వార్డుల్లోకి రానివ్వను. ఇరవై ఐదో తారీఖున మళ్ళీ వస్తా. టేబుల్ ఉంటే పని మీది, లేకపోతే అవతలి వీధి ఆయనది" అని చెప్పి వెళ్ళింది. నా మోకాళ్ళు కూడా ఆవిడ పక్షమే. అందుకని మీ టేబుల్ నాకు చాలా అవసరం.

ఇట్లు,
కత్తెరక్క
(వీధిలో అందరూ పిలిచేది ఇదే. యాప్‌లోనూ ఇదే పెట్టుకున్నాను.)

తా.క. మీ ఫొటో కింద యాప్ మూడు మీటలు చూపించింది. 'ఇంకా ఉందా', 'చివరి ధర ఎంత', 'కొంచెం తగ్గిస్తారా' అని. నేను ఏదీ నొక్కలేదు. ఫొటోలో ఎడమ మూల ఒక కాలి బొటనవేలు పడింది. అది కూడా టేబుల్‌తో పాటు వస్తుందేమో కనుక్కోమని మా చెల్లెలు అంటోంది.

*

4వ తారీఖు

కత్తెరక్కగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి అరగంట అలా కూర్చుండిపోయాను.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. ఒక బట్టల కొట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ టేబుల్ వెనకాల నిలబడి గుడ్డ కొలిచి చించాను. మా కొట్లో గోడ మీద బోర్డు ఉండేది. 'ఒకటే ధర. ఒకటే కొలత. బేరం లేదు.' రోజూ ఎంతోమంది "కాస్త చూసి వెయ్యవయ్యా" అనేవాళ్ళు. నేను నోరు విప్పకుండా బోర్డు వైపు చెయ్యి చూపించేవాణ్ణి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరికీ చిల్లిగవ్వ తగ్గించలేదు. యజమాని చేత ఒక్క మాట అనిపించుకోలేదు. ఒక్క చూపు తప్ప. ఆ సంగతి ఇప్పుడెందుకు. నాలుగు నెలల కిందట ఆయన ఓపిక లేక కొట్టు మూసేస్తూ ఈ టేబుల్ నాకిచ్చాడు. ఇప్పుడది మా ముందుగదిలో ఉంది. వంటింట్లోకి వెళ్ళాలంటే మా ఆవిడ పక్కకి తిరిగి గోడకి వీపు రాసుకుంటూ నడవాలి. నెలాఖరు నాటికి ఇంట్లో టేబులో నేనో ఎవరో ఒకరే ఉండాలని చెప్పేసింది.

సరే, అమ్మకానికి పెడుతుంటే యాప్‌లో పెద్ద అక్షరాలతో వచ్చింది. 'కొనే ముందు అమ్మేవారితో విడిగా మాట్లాడి ధర తేల్చుకోండి' అని. నేను బోర్డుల ప్రకారం బతికినవాణ్ణి. ఆ బోర్డు బేరం వద్దంది, ఒక్కనాడూ ఆడలేదు. ఈ బోర్డు ఆడమంటోంది. అందుకని ఏడు వేలు చాలనుకుని తొమ్మిది వేసి, ఎవరేమంటే నేనేమనాలో నోటుబుక్కులో పద్నాలుగు జవాబులు రాసి పెట్టుకున్నాను. మీరు ఒక్క ముక్కలో సరే అనేశారు. కనీసం "అంతా?" అని కూడా అనలేదు. పైగా చాలా అవసరం అని మీరే బయటపెట్టేశారు. కొనేవాళ్ళు ఆ మాట పైకి అనకూడదని అమ్మేవాణ్ణి, నాకే తెలుసు.

దయచేసి ఎంతకి ఇమ్మంటారో అడగండి. నేను కుదరదంటాను.

ఇట్లు,
గజంబద్ద
(సన్నగా పొడుగ్గా ఉంటానని కొట్లో పెట్టిన పేరు.)

తా.క. బొటనవేలు నాది. దాని ధర వేరే మాట్లాడుకోవాలి.

*

6వ తారీఖు

గజంబద్దగారికి,

నమస్కారం. ధర వేసినవాళ్ళే తగ్గించి అడగండని బతిమాలడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. దాపరికం లేకుండా చెప్పండి, టేబుల్‌కి ఏమైంది?

నేను బేరం ఎందుకు ఆడనో చెబుతాను. పొద్దున్న లేస్తే నా గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడి కుట్టుకూలి తగ్గించమంటారు. "చొక్కాయేగా, రెండు చేతులూ ఒక మెడా" అంటారు. సగం కూలికి కుట్టినా గుండీలు మాత్రం అన్నీ కుట్టాలి కదా. ఆ బాధ నాకు తెలుసు కనక ఇంకొకరి ధర విని 'ఎక్కువ' అనే మాట నా నోట రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కూరల బండి దగ్గర కూడా అనను. చెల్లెలు నన్ను కూరలకి పంపడం మానేసింది.

బోర్డు మాట చదవగానే పోల్చుకున్నాను, మీ కొట్టు నాకు తెలియకపోవడమేం. నేను గుడ్డ కొనను, తెచ్చింది కుడతాను కాబట్టి ఎప్పుడూ లోపలికి రాలేదు గానీ, మీ కొట్టు గుడ్డ నా చాప మీదికి చాలా వచ్చింది. వేరే కొట్ల గుడ్డ ఒక్కోసారి జేబుకి కూడా చాలదు. మీ కొట్టు గుడ్డ కత్తిరిస్తే మటుకు ఎప్పుడూ జానెడు ముక్క మిగిలేది. ఆ ముక్కలతో వీధిలో పిల్లలందరికీ టోపీలు కుట్టాను. మంచి గుడ్డ దొరికితే నా కత్తెర ఇంత పొదుపుగా నడుస్తుందన్నమాట అని లోపల్లోపల కొంచెం గర్వంగా ఉండేది. ఈ మాట మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

టేబుల్ సంగతి త్వరగా తేల్చండి. ఇరవై ఐదు ఎంతో దూరం లేదు.

ఇట్లు,
కత్తెరక్క

తా.క. టేబుల్ నిజంగా మీదేనా? ఈ ప్రశ్న చెల్లెలిది. ఇలాంటివి అడగకూడదని దాన్ని కోప్పడ్డాను. కోప్పడి రాశాను.

*

7వ తారీఖు

కత్తెరక్కగారికి,

నమస్కారాలు. మొత్తానికి మొదలుపెట్టారు. చాలా సంతోషం. లోపం ఏమిటని అడగడం బేరంలో మొదటి మెట్టు. ముప్ఫై ఒక్క ఏళ్ళు చూశాను కదా, మీ ఎత్తు నాకు తెలియకపోలేదు. వినండి.

ఎడమ అంచు ఒకసారి విరిగింది. నేను పనిలో చేరిన కొత్తలో బరువైన గుడ్డ తాను జారి పడి విరిగితే, వడ్రంగి వచ్చి కొత్త చెక్క అతికి, ఇత్తడి పట్టీ ఊడదీసి మళ్ళీ కొట్టి వెళ్ళాడు. నడిమధ్య ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఉంది. సిరా మరకలు మూడు. మూడో కాలు పొట్టి, ఆనుకుంటే టేబుల్ ఊగుతుంది. ఓ మూల పురుగు కూడా తింటున్నట్టుంది. చెక్క నెర్రెలు విచ్చింది. అసలు దీనికి తొమ్మిది వేలు అడగడానికి నాకు మొహం ఎలా చెల్లిందో తెలియదు.

ఇక మీ వంతు. దయ చూపించకండి.

ఇట్లు,
గజంబద్ద

తా.క. టేబుల్ నాదే. సాక్ష్యం చెప్పమని మా ఆవిణ్ణి అడిగాను. "ఇంకెవరిదైనా అయ్యుంటే ఎంత బాగుండేదో అని రాయండి" అంది.

*

9వ తారీఖు

గజంబద్దగారికి,

నమస్కారం. ఉన్నదున్నట్టు చెప్పారు, మీ మంచితనం. ఊగే టేబుల్ మీద నూట ఇరవై కోట్లు కత్తిరిస్తే ఏ కోటుకి ఏ చెయ్యి పొడుగొస్తుందో చెప్పలేను. పురుగున్న చెక్కని స్టోరావిడ చూసిందంటే నన్ను కూడా గుమ్మం దాటనివ్వదు. అందుకని వేరే టేబుల్ చూసుకుంటాను. మీకు శ్రమ ఇచ్చాను, మన్నించండి.

ఇట్లు,
కత్తెరక్క

తా.క. వస్తువుని కొనేవాళ్ళు తిట్టడం రోజూ వింటాను. అమ్మేవాళ్ళు తిట్టడం ఇదే మొదలు.

*

13వ తారీఖు

కత్తెరక్కగారికి,

నమస్కారాలు. నాలుగు రోజులు కావాలనే జవాబు రాయలేదు. తప్పుగా అనుకోకండి. బాగా వెళ్ళిపోయారు. చెయ్యి తిరిగినవాళ్ళు వెళ్ళినట్టు, వెనక్కి చూడకుండా, కోపం లేకుండా వెళ్ళారు. మా కొట్లోంచి అలా లేచి వెళ్ళేవాళ్ళని రోజూ చూసేవాణ్ణి. వెంటనే పిలిస్తే మనం అలుసైపోతాం. మూడో కొట్టు దాకా వెళ్ళి వాళ్ళే వెనక్కి వస్తారు. కాబట్టి ఫోను పక్కన పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. ఈపాటికి మీరు మూడో కొట్టు దాటి ఉంటారు.

ఇంక వచ్చెయ్యండి. మీ పట్టుదల చూసి ఎనిమిది వేలు చేస్తున్నాను. నేను తగ్గించాను. రాసింది రెండుసార్లు చదువుకున్నాను.

ఇట్లు,
గజంబద్ద

తా.క. మా ఆవిడ వంటింట్లోంచి "ఆవిడ నిజంగానే వెళ్ళిపోయి ఉంటుంది" అంటోంది. ఆవిడకి బేరం గురించి ఏమీ తెలియదు.

*

14వ తారీఖు

గజంబద్దగారికి,

నమస్కారం. మీ ఆవిడగారు చెప్పిందే నిజం. నేను నిజంగానే వెళ్ళిపోయాను.

రెండు బస్సులు మారి ఒక మడత టేబుల్ చూసొచ్చాను. పైన ప్లాస్టిక్ రేకు. కత్తెర పెట్టేసరికి నడుం వంచేసింది. ఇంకొకటి భోజనాల బల్ల, గుండ్రంగా ఉంది. గుండ్రటి బల్ల మీద కోటు ఎటునుంచి కత్తిరించాలో చెల్లెలూ నేనూ దారంతా ఆలోచించాం. మూడోది అమ్మేశామన్నారు. ఇవాళ పద్నాలుగు. అవతలి వీధి ఆయన అప్పుడే ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాడని వినికిడి. నాకు నిద్ర పట్టడం లేదు.

ఇప్పుడు మీరు ఎనిమిది అంటున్నారు. మీరు తగ్గించేకొద్దీ అందులో లోపం పెరుగుతోందనే నాకు అనిపిస్తోంది. ఆరో ఏడో అన్నారంటే కాళ్ళు కూడా లేవేమో అనుకుంటాను. మీ తొమ్మిది వేలు మీకు ఇస్తాను, కావాలంటే ఇంకో ఐదు వందలు వేసుకోండి. నిజం చెప్పండి చాలు. ఆ కాలు పొట్టా కాదా? పురుగుందా లేదా? నాతో ఎందుకిలా ఆడుకుంటున్నారు?

ఇట్లు,
కత్తెరక్క

తా.క. తొమ్మిదిన్నర వేలు అని రాస్తుంటే చెల్లెలు నా చేతిలోంచి ఫోను లాక్కోబోయింది. మీ ఇంట్లో మీ ఆవిడగారినీ మా ఇంట్లో దీన్నీ కూర్చోబెట్టి ఉంటే ఈ టేబుల్ మూడో తారీఖునే మా గదిలో ఉండేది.

*

16వ తారీఖు

అమ్మా కత్తెరక్కా,

నీ ఉత్తరం మా ఆవిడ గట్టిగా చదివి వినిపించింది. చదివాక ఫోను నా ఒళ్ళో పెట్టి, "ఆ అమ్మాయి పని పోతే ఆ పాపం మీదే" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకు. నా కూతురి వయసు ఉంటుంది నీకు.

కాలు పొట్టి కాదు. పురుగు లేదు. నెర్రెలు లేవు. అవన్నీ బేరం రక్తి కట్టాలని కలిపాను. అంచు విరిగిందీ, ఇస్త్రీ మచ్చా, సిరా మరకలూ మాత్రం నిజం. నువ్వు బేరం మొదలుపెట్టావనుకున్నాను, నువ్వేమో నిజంగా అడిగావు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బేరాన్ని దూరం నుంచి చూశాను గానీ అందులో దిగలేదు కదా, తేడా తెలియలేదు.

నేను ఎందుకిలా పట్టుబట్టానో చెబుతాను. మా కొట్లో ఏటా సరుకు కొలిచి చూసేవాళ్ళం. ప్రతి ఏడూ గుడ్డ తక్కువ వచ్చేది. కొన్నదాంట్లో అమ్మింది తీసేస్తే ఉండాల్సినంత ఉండేది కాదు. యజమాని ఏమీ అనేవాడు కాదు. తల ఎత్తి నా వైపు ఒక్కసారి చూసి మళ్ళీ తల దించుకునేవాడు. గుడ్డ కొలిచేది నేను ఒక్కణ్ణే. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. నేను ఒక్క పోగు తీసుకోలేదమ్మా. కానీ అడగని ప్రశ్నకి జవాబు ఎలా చెప్పను? కొట్టు మూసినరోజున కూడా అలాగే చూశాడు. చూసి, "ఈ టేబుల్ నువ్వే తీసుకో" అన్నాడు. నా ముందుగదిలో ఉన్నది టేబుల్ కాదు, ఆ చూపు. అందుకే దాన్ని పంపించెయ్యాలి. అలాగని ఊరికే పంపించడానికి మనసొప్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు దాని ముందు నిలబడి జనం తగ్గించమని అడిగారు. ఒక్కసారి, ఒక్కళ్ళకి, "సరేలే, నీ మాట ఎందుకు కాదనాలి" అని దాని మీద చెయ్యి వేసి అనాలని ఉండేది. అంతకంటే ఏమీ లేదు.

నీకు ఇష్టం లేకపోతే తొమ్మిది వేలకే తీసుకో, ఏమీ అనుకోను. బండి ఎప్పుడైనా పంపు.

ఇట్లు,
గజంబద్ద

తా.క. బేరం గురించి మా ఆవిడకి ఏమీ తెలియదన్న మాట వెనక్కి తీసుకోమంది. తీసుకున్నాను.

*

17వ తారీఖు

బాబాయిగారికి,

నమస్కారం. ఒట్టు గట్టున పెట్టాను. కాచుకోండి.

ఏమయ్యా, తొమ్మిది వేలా? టేబుల్ అమ్ముతున్నావా, దాని కింద నేల కూడా కలిపి అమ్ముతున్నావా? నాలుగు కాళ్ళు, పైన ఒక చెక్క, అంతేగా. మా మేనత్తగారింట్లో ఇంతకంటే పెద్దది ఊరికే పడుంది, మొహమాటపడి అడగలేదు గానీ. పక్క వీధిలో కొత్తదే నాలుగు వేలకి ఇస్తామని వెంటపడ్డారు, నీ బొటనవేలు చూసి జాలిపడి ఆగాను. ఈ మచ్చేమిటి? ఇది ఇస్త్రీ మచ్చా? టేబుల్‌ని ఇస్త్రీ చేశావా? అవతలివాళ్ళు చూస్తే నవ్వరా? చేతిలో ఇంతే ఉంది, కావాలంటే సంచీ దులిపి చూసుకో. రెండు వేల ఐదు వందలు. ఈసారికి నా మాట కాదనకు, ఇకమీదట టేబుళ్ళన్నీ నీ దగ్గరే కొంటాను, ఏడాదికి రెండు చొప్పున. నలుగురికీ చెబుతాను కూడా. ఏమిటి, తల అడ్డంగా ఊపుతున్నావు? సరే, పోనీ, మూడు వేలు. ఆఖరి మాట. నీదీ కాదు, నాదీ కాదు. ఇదిగో వెళ్ళిపోతున్నాను. పిలవవా? ఇదిగో, చెప్పులు కూడా వేసుకున్నాను.

ఇట్లు,
మీ ఖాతాదారు

తా.క. ఇందులో ఒక్క ముక్క నా సొంతం కాదు. ఇరవై రెండేళ్ళుగా నా గుమ్మంలో విన్నవే. ఇన్ని నాలో పేరుకున్నాయని నాకే తెలియదు. రాశాక ఒళ్ళు తేలికపడింది. చెల్లెలు చదివి, రేపటినుంచి కూరలకి నువ్వే వెళ్ళు అంది.

*

18వ తారీఖు

అమ్మా కత్తెరక్కా,

మూడుసార్లు చదివాను. ఒకసారి కూర్చుని, ఒకసారి టేబుల్ వెనకాల నిలబడి, ఒకసారి మా ఆవిడ చదువుతుంటే.

మొదటి వాక్యానికి నా నోటుబుక్కులో ఆరో జవాబు ఉంది. మేనత్తకి పదకొండోది. రెండున్నరకి "కొన్నధర కూడా రావడం లేదు" అనాలి, అది రెండోది. అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కానీ చెప్పులు వేసుకున్నానన్న చోటికి వచ్చేసరికి నాకు ఏమీ గుర్తు రాలేదు. నువ్వు గడప దాటిపోతున్నట్టే కనిపించింది. టేబుల్ మీద చెయ్యి వేసి, "సరేలే, నీ మాట ఎందుకు కాదనాలి" అనేశాను. గట్టిగానే అన్నాను. కాబట్టి మూడు వేలు. మాట ఇచ్చాను, తిరుగు లేదు.

చాలా బాగుంది అమ్మా. ఇంత బాగుంటుందని తెలిస్తే ఆ బోర్డు ఎప్పుడో తిప్పి పెట్టేవాణ్ణి.

ఇరవయ్యో తారీఖు పొద్దున్న బండి పంపు.

ఇట్లు,
గజంబద్ద

తా.క. "మూడా?" అని మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. పక్కకి తిరక్కుండా నేరుగా వచ్చింది, ఎలా పట్టిందో. ఇప్పుడు ఫోను ఒకసారి ఇమ్మంటోంది, ఎవరికో ఏదో రాయాలట.

*

26వ తారీఖు

బాబాయిగారికి,

నమస్కారం. టేబుల్ క్షేమంగా చేరింది. ఎక్కడా ఊగడం లేదు. దాని ముందు నిటారుగా నిలబడి కత్తిరిస్తుంటే నేను ఇంత పొడుగున్నానా అనిపించింది.

నిన్న స్టోరావిడ వచ్చింది. నమూనాకి ఒక కోటు కుట్టి ఉంచాను. టేబుల్ చూసింది, కింద వంగి కాళ్ళు చూసింది, బాగుందంది. తరవాత కోటు తీసి తన టేపు పెట్టింది. "పొడుగు మీటరు అన్నాం. ఇది నాలుగు సెంటీమీటర్లు ఎక్కువుంది" అంది. ఇరవై రెండేళ్ళలో నా కొలత తప్పలేదు. కుట్లలోకి పోయే గుడ్డ కూడా లెక్క వేసుకునే గుర్తు పెట్టాను. "టేపుతో కొలిచారా?" అంది. లేదు, టేబుల్ అంచున ఇత్తడి పట్టీ ఉందిగా, దానితోనే కొలిచాను. 'ఒకటే కొలత' కొట్టు నుంచి వచ్చిన టేబుల్ కదా, దాన్ని అనుమానించాలని కూడా తోచలేదు. ఆవిడ తన టేపు తీసి ఇత్తడి పట్టీ పక్కన పరిచింది. మీ మీటరు నూట నాలుగు సెంటీమీటర్లు ఉంది బాబాయిగారూ. వడ్రంగి కొత్త చెక్క అతికినచోట పట్టీ మొదటి ముక్కని నాలుగు సెంటీమీటర్లు ఎడంగా జరిపి కొట్టాడు. తలలు అరిగిపోయిన పాత మేకులు, ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ కదిపినట్టు లేవు. రెండో మీటరు సరిగ్గానే ఉంది. మీరు ఎడమ చివర నిలబడి మొదటి మీటరుతోనే కొలిచేవారు కదూ?

స్టోరావిడ నవ్వి, "తప్పు నీది కాదు, టేబుల్‌ది. పట్టీ మీద గుడ్డ కప్పి టేపుతో కొలుచుకో" అని పని రాసిచ్చి వెళ్ళింది. నూట ఇరవై కోట్లూ నావే.

ఆవిడ వెళ్ళాక నేను ఆ పట్టీ ముందు చాలాసేపు కూర్చున్నాను. మీ కొట్లో తగ్గిన గుడ్డ ఎవరు తీసుకున్నారో నాకు తెలిసిపోయింది. మేమే తీసుకున్నాం. మీటరుకి నాలుగు సెంటీమీటర్ల చొప్పున, తగ్గించమని అడిగినవాళ్ళూ, అడగడానికి సిగ్గుపడినవాళ్ళూ, అందరం. మీరు బోర్డు వైపు చెయ్యి చూపిస్తూ రెండో చేత్తో అందరికీ తగ్గించి ఇచ్చారు. పిల్లల టోపీలన్నీ మీవే. నా కత్తెర గొప్పతనం అనుకున్నదంతా మీ వడ్రంగి గొప్పతనం. కాస్త బాధేసింది, కాదనను, కానీ మీ సంగతి తలుచుకుంటే ఆ బాధ నిలవలేదు.

పట్టీ పక్కన టేపు పెట్టి ఫొటో తీశాను. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దాన్ని పట్టుకుని మీ యజమానిగారి దగ్గరికి వెళ్ళండి. ఆ చూపుకి జవాబు ఇదీ అని చెప్పండి.

ఇట్లు,
మీ
కత్తెరక్క

తా.క. టేబుల్ ఎక్కించుకోవడానికి వచ్చిన బండాయన చేత మీ ఆవిడగారికని ఒక కవరు పంపాను. అందులో ఏముందో మీరు పట్టించుకోకండి. ఆవిడకీ నాకూ వేరే బేరం ఉంది. మీరు పదిహేను రోజులు పట్టించారు, ఆవిడ పది నిమిషాల్లో తేల్చేశారు.

*

30వ తారీఖు

అమ్మా కత్తెరక్కా,

ఆశీస్సులు. నీకు పని దొరికిందని చదివి మా ఆవిడ ముందుగదంతా ఒకసారి నడిచి వచ్చింది. ఇప్పుడు బోలెడంత చోటు కదా.

ఫొటో పట్టుకుని యజమాని దగ్గరికి వెళ్ళాను. వరండాలో కాళ్ళు చాపుకుని రేడియో వింటున్నాడు. దారిపొడుగునా ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను. తీరా ఎదురుపడ్డాక ఫోను ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. రేడియో ఆపాడు.

"ఇన్నాళ్ళకి తెలిసిందన్నమాట" అన్నాడు.

"మీకు తెలుసా?" అన్నాను.

"మొదటి మూడేళ్ళు తెలియదు. నిన్నే అనుకున్నాను, అబద్ధం ఎందుకు. నాలుగో ఏడు నీకు జ్వరమొచ్చి రానప్పుడు నేనే నిలబడి కొలిచాను. అప్పుడు బయటపడింది. సరిచేయిద్దామని వడ్రంగికి కబురు పెట్టాను. అతను వచ్చేసరికి కొట్టు నిండా జనం. బేరం లేదని బోర్డు పెట్టుకున్న కొట్టుకి ఇంతమంది ఎందుకొస్తున్నారో అప్పుడు తెలిసొచ్చింది. వడ్రంగికి టీ ఇచ్చి పంపేశాను."

"నాకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదండీ."

"చెబితే నువ్వు ఆ పూటే మేకులు పీకేసేవాడివి. 'ఒకటే కొలత' అని నాకే బోర్డు చూపించేవాడివి."

అది నిజమే. పీకేసేవాణ్ణి.

"మరి ఏటా ఆ చూపేమిటి?" అని అడిగాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అడగాలనుకున్నది అదొక్కటే.

"మొదటి మూడేళ్ళు చూసింది అనుమానంతో. ఆ తరవాత ఇరవై ఎనిమిదేళ్ళూ సిగ్గుతో. నీలాంటివాణ్ణి అనుమానించినందుకు. ఎప్పటికైనా నీకే తెలుస్తుందని టేబుల్ నీకిచ్చాను. నువ్వేమో అమ్మేశావు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది అమ్మా, దాచుకోను. ఆయన లోపలికి వెళ్ళి ఆ పాత బోర్డు తెచ్చి నా చేతికిచ్చాడు. వచ్చేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాకా వచ్చాడు. అలా ఎప్పుడూ రాలేదు. దారిలో నాకు జనమంతా గుర్తొచ్చారు. "కాస్త చూసి వెయ్యవయ్యా" అని అడిగి, నేను బోర్డు చూపిస్తే నిట్టూర్చి గుడ్డ చంకన పెట్టుకుని వెళ్ళినవాళ్ళు. వాళ్ళు ఇంటికెళ్ళి గుడ్డ పరిచి చూసుకుని ఏమనుకుని ఉంటారో అని బస్సులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

కోట్లు అయ్యాక ఒకసారి ఇద్దరూ మా ఇంటికి రండి. చెల్లెలికి బొటనవేలు చూపిస్తాను.

ఇట్లు,
నాలుగు సెంటీమీటర్లు పెరిగిన
గజంబద్ద

తా.క. బోర్డుని మా ఆవిడ వంటింటి గుమ్మం పైన తగిలించింది. ఆ కవరులో ఎంత ఉందని నిన్న అడిగాను. నోరు విప్పకుండా బోర్డు వైపు చెయ్యి చూపించింది.